మూడు ఆదివారాల గడువు: 1950ల బ్రిటన్ మర్డర్ ట్రయల్ మీద థ్రిల్లర్ రాయడం ఎలా

ఈ టైపు నవల నేను మొదటిసారి మొదలుపెట్టినప్పుడు జడ్జిగారి చేత సుత్తితో బల్ల మీద కొట్టించి "ఆర్డర్, ఆర్డర్" అనిపించా. లండన్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి పంపిస్తే ఫోన్ చేసి ఒకటే నవ్వు, "ఒరేయ్, ఇంగ్లాండ్ కోర్టుల్లో జడ్జికి సుత్తే ఉండదురా, నువ్వు మన సినిమా కోర్టుని తీసుకెళ్లి అక్కడ దింపావు" అన్నాడు. నిజమే. అక్కణ్ణుంచి మొదలుపెట్టి నలభై పేజీలు చింపేసి మళ్లీ నేర్చుకున్నా, ఆ నేర్చుకున్నదే ఇక్కడ వరసగా చెప్తా.

ఒక్క మాట ముందే చెప్పేస్తా, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఈ కాలం కథలో టెన్షన్ "చంపిందెవరు" దగ్గర ఉండదు, క్యాలెండర్ దగ్గర ఉంటుంది. మన దగ్గర కేసంటే ఏళ్లకేళ్లు వాయిదాలు కదా. అక్కడ పోలీసు హత్య కేసులో డెరెక్ బెంట్లీ అనే కుర్రాడు అరెస్టయింది 1952 నవంబర్ 2న, ఉరి తీసింది 1953 జనవరి 28న, అంటే 87 రోజులు. అరెస్టు, విచారణ, అప్పీలు, క్షమాభిక్ష, తాడు, అన్నీ ఆ 87 రోజుల్లోనే. అంత స్పీడుగా తిరిగే యంత్రంలో మనిషిని పడేశాక వేరే విలన్ అక్కర్లేదు.

స్టెప్ 1: ముందు తేదీ, తర్వాతే శవం

చాలామంది "యుద్ధం తర్వాత ఎప్పుడో" అని మొదలుపెట్టేస్తారు, అదే కొంప ముంచుతుంది, ఎందుకంటే ఏ సంవత్సరం అనేదాన్ని బట్టి మీ హీరో బతుకుతాడా లేదా అన్నది మారిపోతుంది. 1948 ఏప్రిల్లో పార్లమెంటు కింది సభ హౌస్ ఆఫ్ కామన్స్ ఉరిశిక్షని ఐదేళ్లు ఆపుదామని ఓటేసింది, పై సభ లార్డ్స్ ఒప్పుకోలేదు, కానీ ఆ మధ్యలో కొన్ని నెలలు హోం సెక్రటరీ చ్యూటర్ ఈడ్ శిక్ష పడ్డవాళ్లందరికీ ఉరి తప్పించుకుంటూ వచ్చాడు. మీ కథ ఆ ఎండాకాలంలో పెడితే తాడు సస్పెన్స్ పోయినట్టే. 1957 మార్చిలో హోమిసైడ్ యాక్ట్ వచ్చాక ఇంకా విడ్డూరం, తుపాకీతో కాలిస్తే ఉరి, అదే మనిషిని విషం పెట్టి చంపితే ఉరి లేదు! "మానసిక స్థితి సరిగా లేదు కాబట్టి ఇది హత్య కింద రాదు" అనే వాదన కూడా ఇంగ్లాండ్‌లో ఆ చట్టంతోనే వచ్చింది, అందుకే 1955లో ప్రియుణ్ణి కాల్చి చంపిన రూత్ ఎల్లిస్‌కి ఆ దారి లేకపోయింది. ఇక 1965లో హత్యకి ఉరే ఆగిపోయింది.

కాబట్టి 1949 నుంచి 1955 వరకు చిక్కటి కాలం. అందులో కూడా 1952 ఫిబ్రవరి 6 గుర్తుపెట్టుకోండి, ఆ రోజు రాజు ఆరో జార్జ్ పోయాడు, ఎలిజబెత్ రాణి అయింది. దాంతో సీనియర్ లాయర్ పేరు వెనక "కింగ్స్ కౌన్సెల్" పోయి "క్వీన్స్ కౌన్సెల్" వచ్చింది, కేసు పేర్లో "రెక్స్" పోయి "రెజీనా" వచ్చింది. ఇది తప్పు రాస్తే తెలిసినవాళ్లకి అన్నంలో రాయి తగిలినట్టుంటుంది.

ఇక్కణ్ణుంచి ఒక ఉదాహరణ కథ పట్టుకుని నడుద్దాం. 1952 శరదృతువు, లీడ్స్ ఊరు. గదులు అద్దెకిచ్చి అన్నం పెట్టే ఒక ముసలావిడ మెట్ల కింద చచ్చిపడి ఉంది. పై గదిలో ఉండే పోలిష్ మాజీ సైనికుణ్ణి పట్టుకున్నారు. యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడిన పోలిష్ సైనికులు అక్కడే స్థిరపడటానికి 1947లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు, అందుకని ఇలాంటోడు లీడ్స్‌లో మిల్లు పనికి రావడం సహజమే. కథ చెప్పేది మాత్రం లాయరూ కాదు డిటెక్టివూ కాదు, కోర్టు ఇంటర్‌ప్రెటర్‌గా వచ్చిన ఒక ఆవిడ. ఎందుకో స్టెప్ 4లో చెప్తా.

స్టెప్ 2: గోడ మీద క్యాలెండర్ గీయండి

నిజంగానే గీయండి, మనసులో కాదు. శిక్ష పడ్డ రోజుకీ ఉరికీ మధ్య కనీసం మూడు ఆదివారాలు గడవాలని అక్కడ ఆనవాయితీ. రూత్ ఎల్లిస్‌కి 1955 జూన్ 21న శిక్ష పడింది, ఆమె అప్పీలు చేసుకోలేదు, జూన్ 26, జూలై 3, జూలై 10 మూడు ఆదివారాలు, జూలై 13 బుధవారం ఉరి. లెక్క అంత కచ్చితంగా ఉంటుంది. అప్పీలు వేస్తే ఇంకొన్ని వారాలు జరుగుతుంది, ఆ తర్వాత మిగిలేది హోం సెక్రటరీ ఒక్కడే. మన కథ కాలానికి ఆయన డేవిడ్ మాక్స్‌వెల్ ఫైఫ్, బెంట్లీ ఫైలు వెళ్లింది కూడా ఆయన టేబుల్ మీదకే.

లండన్‌లో అయితే విచారణ ఓల్డ్ బెయిలీలో. బయట ఊళ్లలో మాత్రం అసైజెస్ అని, పెద్ద జడ్జి లండన్ నుంచి ఏడాదికి కొన్నిసార్లు ఊరూరా తిరుగుతూ వస్తాడు. ఎర్ర గౌను, బూరలు ఊదేవాళ్లు, ముందు చర్చిలో ప్రార్థన, ఊరంతా చూడ్డానికి వచ్చేది, ఒక రకంగా జాతరే. లీడ్స్‌లో అది టౌన్ హాల్లో జరిగేది. ఒక మనిషికి ఉరి వెయ్యడానికి వచ్చినాయనకి ఊరు బూరలు ఊది స్వాగతం చెప్పడం, ఈ ఒక్క దృశ్యంతో మీ రెండో భాగం మొదలుపెట్టొచ్చు.

ట్రయల్ ఎన్ని రోజులు జరిగిందని రాస్తున్నారు? పదిహేను రోజులైతే కొట్టేయండి. తిమోతీ ఎవాన్స్‌ది (ఇతని సంగతి స్టెప్ 4లో) మూడు రోజులు, బెంట్లీది మూడు రోజులు, ఎల్లిస్‌ది రెండు రోజులు, యాసిడ్ బాత్ హంతకుడు హెయిగ్‌ది రెండు రోజులు. లంచ్ టైముకి సాక్షి మాట మార్చాడంటే సాయంత్రానికి తీర్పు రావచ్చు.

స్టెప్ 3: లండన్ టికెట్ లేకుండా రీసెర్చ్

అసలు ఫైళ్లు లండన్‌లో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, పోలీసు రిపోర్టులు, వాంగ్మూలాలు, జైలు ఫైళ్లు. అక్కడిదాకా పోలేని నాలాంటోళ్లకి ఒక చిట్కా, ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ల ట్రోవ్ అనే సైట్‌లో అక్కడి పాత పేపర్లు 1954 దాకా చాలావరకు ఫ్రీగా ఉన్నాయి. ఆ రోజుల్లో లండన్ హత్య కేసులంటే సిడ్నీ, మెల్‌బోర్న్ పేపర్లకి పండగ, కేబుల్ మీద వచ్చిన ట్రయల్ వార్తలు కాలమ్‌లకి కాలమ్‌లు వేసేవాళ్లు. పార్లమెంటు చర్చలన్నీ హాన్సార్డ్ అనే రికార్డులో ఫ్రీ, బెంట్లీని ఉరి తియ్యకముందు రాత్రి ఎంపీలు ఎలా కొట్టుకున్నారో అక్కడే చదవొచ్చు. గొంతులు, టోపీలు, ట్రాములు చూడాలంటే యూట్యూబ్‌లో బ్రిటిష్ పాథే న్యూస్‌రీళ్లు.

తిండి సంగతి వదలొద్దు, ఈ కాలానికి అసలు రుచి రేషన్‌లోనే ఉంది. యుద్ధంలో కూడా లేని బ్రెడ్ రేషన్ 1946లో పెట్టి 1948లో తీశారు, టీ మీద 1952 అక్టోబర్‌లో ఎత్తేశారు, చాక్లెట్లు మిఠాయిల మీద 1953 ఫిబ్రవరిలో, పంచదార మీద ఆ సెప్టెంబర్‌లో, మాంసం మీదైతే 1954 జూలై దాకా ఆగాల్సొచ్చింది. గెలిచిన దేశం అది, అయినా మాంసానికి క్యూ! మన కథలో ఇది ఎలా వాడాలంటే, అద్దెకుండేవాళ్ల రేషన్ పుస్తకాలు ఇంటావిడ దగ్గరే ఉంటాయి, వంట చేసేది ఆవిడే కాబట్టి. ఆవిడ చచ్చిపోయాక సొరుగు తీస్తే ఐదు పుస్తకాలు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. లేనిది పోలిష్ అతనిది. ప్రాసిక్యూషన్ అంటుంది, పారిపోదామని తీసుకున్నాడు అని. నిజం వేరే.

ఇంకోటి, గదుల్లో గ్యాస్ హీటరుకి షిల్లింగ్ వేస్తే తిరిగే మీటర్ ఉండేది. ఆ రాత్రి ముద్దాయి గదిలో మీటరు డబ్బాలో ఎన్ని షిల్లింగులు పడ్డాయో లెక్కేస్తే హీటర్ ఎంతసేపు వెలిగిందో తెలుస్తుంది, అంటే గదిలో ఎవరో ఒకరు ఎంతసేపు ఉన్నారో తెలుస్తుంది. ఈ క్లూ నాకు దొరికిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. షిల్లింగుకి 12 పెన్నీలు, పౌండుకి 20 షిల్లింగులు, 1971 దాకా ఇదే లెక్క, మర్చిపోయి పౌండుకి వంద పెన్నీలు వెయ్యకండి.

స్టెప్ 4: నిజం కేసుల్ని దొంగలా చదవండి

పేర్లు, కుటుంబాలు ఎత్తుకురావద్దు. యంత్రం ఎక్కడ తప్పు తిరిగిందో ఆ పన్నునొకదాన్ని ఎత్తుకురండి చాలు.

తిమోతీ ఎవాన్స్ కేసు చూడండి. 1949 నవంబర్ 30న వేల్స్‌లోని మెర్తిర్ టిడ్‌ఫిల్ పోలీస్ స్టేషన్‌కి తనే వెళ్లి, నా భార్య శవాన్ని ఇంటి ముందు డ్రైనేజీలో వేశానన్నాడు. లండన్‌లో నాటింగ్ హిల్ దగ్గర రిల్లింగ్టన్ ప్లేస్ 10వ నంబర్ ఇంటికి పోలీసులు వెళ్లి ఆ మ్యాన్‌హోల్ మూత ఎత్తబోతే ముగ్గురు పట్టుకుంటే గానీ లేవలేదు. లోపల ఏమీ లేదు. అక్కడే ఎవడికైనా అనుమానం రావాలి కదా, వీడొక్కడే దీన్నెలా ఎత్తాడు అని. డిసెంబర్ 2న వెనక వాష్‌హౌస్‌లో భార్య, పసిపాప శవాలు దొరికాయి. అప్పటి పద్ధతి ప్రకారం ఒక విచారణలో ఒక హత్యే, అందుకని పాప హత్యకే విచారించారు, 1950 మార్చి 9న పెంటన్‌విల్ జైల్లో ఉరి తీశారు. ప్రాసిక్యూషన్ ముఖ్య సాక్షి కింద వాటాలో ఉండే జాన్ క్రిస్టీ, యుద్ధంలో రిజర్వ్ పోలీసుగా చేసిన పెద్దమనిషి. మూడేళ్ల తర్వాత 1953 మార్చిలో పై వాటా ఆయన రేడియో పెట్టుకోడానికి క్రిస్టీ ఖాళీ చేసిపోయిన వంటింటి గోడ తట్టి చూస్తుంటే వెనక బోలుగా వినిపించింది, కాగితం చింపి చూస్తే శవాలు. అన్నీ క్రిస్టీ చేసినవే. అన్నిటికన్నా ఒళ్లు జలదరించేది ఏంటంటే, ఆ ఇంటి పెరట్లో తీగల పందిరికి ఆసరాగా నిలబెట్టింది మనిషి తొడ ఎముక, 1949లో పోలీసులు ఆ పెరట్లో తిరిగి కూడా దాన్ని చూడలేదు. క్లూ ఎక్కడ దాచాలి అని అడుగుతారు కదా రాసేవాళ్లు, దాచొద్దు, పందిరికి ఆసరాగా పెట్టండి. ఎవాన్స్‌కి రాయల్ పార్డన్ 1966లో వచ్చింది.

ఇక బెంట్లీ. క్రాయ్‌డన్‌లో ఒక గోడౌన్ కప్పు మీద ఇద్దరు కుర్రాళ్లు, పోలీసులు చుట్టుముట్టారు. 16 ఏళ్ల క్రిస్టోఫర్ క్రెయిగ్ చేతిలో రివాల్వర్. 19 ఏళ్ల బెంట్లీ అప్పటికే పోలీసు చేతికి చిక్కాడు, సిడ్నీ మైల్స్ అనే కానిస్టేబుల్ చచ్చిపోయింది ఆ తర్వాత. కానీ బెంట్లీ "లెట్ హిమ్ హావ్ ఇట్, క్రిస్" అని అరిచాడని ముగ్గురు పోలీసులు చెప్పారు, కుర్రాళ్లిద్దరూ అలాంటి మాటే లేదన్నారు. ఆ మాటకి తుపాకీ ఆయనకిచ్చెయ్ అనీ అర్థమే, కాల్చిపారెయ్ అనీ అర్థమే. తెలుగులో దీనికి నోట్ అక్కర్లేదు, "ఇచ్చెయ్ రా వాడికి" అంటే చేతికివ్వడమా నాలుగు తగిలించడమా, మనకీ రెండూ వస్తాయి. క్రెయిగ్‌కి 18 నిండలేదు కాబట్టి ఉరి లేదు, జ్యూరీ కనికరం చూపమన్నా బెంట్లీని ఉరి తీశారు. 1998లో ఆ తీర్పు కొట్టేశారు, అప్పటి జడ్జి లార్డ్ గొడార్డ్ జ్యూరీకి చెప్పిన తీరే అన్యాయంగా ఉందని.

అదే 1998లో కొట్టేసిన ఇంకో కేసు మహమూద్ మట్టన్‌ది. కార్డిఫ్‌లో ఉండే సోమాలీ నావికుడు, ఇంగ్లీష్ అంతంతమాత్రం, 1952 సెప్టెంబర్‌లో ఉరి తీశారు. విచారణలో అతని సొంత లాయరే అతన్ని సగం అడవి మనిషి అన్న అర్థం వచ్చే మాటలన్నాడు. మన లాయరే అలా అంటే ఇంక ఎదుటి లాయర్ ఏం చెయ్యాలి చెప్పండి.

ఈ రెండూ కలిపి చూస్తే ఇంటర్‌ప్రెటర్ ఎందుకో అర్థమై ఉంటుంది. పోలిష్‌లో "జబీవెమ్" అంటే చంపాను, "జబీలి" అంటే చంపారు. మన భాషలాగే క్రియలోనే ఎవరో ఉంటుంది, చివర "ను"కి "రు"కి తేడా. అర్ధరాత్రి రెండింటికి స్టేషన్లో ఏడుస్తూ గొణిగినవాడి మాటని పోలిష్ అరకొరగా వచ్చిన ఎవరో విని చెప్తే, సార్జెంట్ ఇంగ్లీష్‌లో "నేను ఆమెను చంపాను" అని రాసుకుని సంతకం పెట్టించాడు. తెలుగు రీడర్‌కి ఆ ఒక్క అక్షరం ఎంత దూరమో వెంటనే తెలుస్తుంది, ఇంగ్లీష్‌లో రాసేవాడు ఇదే పేజీన్నర వివరించుకోవాలి. ఈ అడ్వాంటేజ్ వదులుకోకండి.

స్టెప్ 5: కోర్టు హాల్లో ఎవరు ఎక్కడ

"అబ్జెక్షన్ యువరానర్" లేదు. జడ్జిని "మై లార్డ్" అంటారు. లాయర్ సాక్షి చుట్టూ తిరుగుతూ వేలు చూపిస్తూ మాట్లాడడు, విగ్గూ గౌనూ వేసుకుని తన చోటే నిలబడి అడుగుతాడు, అభ్యంతరం ఉంటే ఎదుటి లాయర్ మర్యాదగా లేస్తాడు అంతే. లాయర్లు రెండు రకాలు, సొలిసిటర్ కాళ్లరిగేలా తిరిగి సాక్షుల్ని కలిసి ఫైలు తయారుచేస్తాడు, బారిస్టర్ ఆ ఫైలు పట్టుకుని కోర్టులో వాదిస్తాడు. బారిస్టర్ మామూలు సాక్షులతో ముందు మాట్లాడకూడదు, ముద్దాయిని కూడా ఒకటి రెండుసార్లు కలిస్తే గొప్ప. ప్రాణం పోసేవాడికీ ప్రాణం పోయేవాడికీ పరిచయమే ఉండదన్నమాట.

ఇంకో తిప్పలు, తెలుగులో రెండిటినీ బోను అనే అంటాం. సాక్షి బోను వేరు, ముద్దాయి బోను వేరు, ముద్దాయి బోనులోంచి నేరుగా కిందకి సెల్స్‌కి మెట్లుంటాయి. తీర్పు అయ్యాక మనిషి తలుపులోంచి వెళ్లడు, నేలలోకి దిగిపోతాడు. ఇది రాసేటప్పుడు తొందరపడొద్దు.

జడ్జి అన్నీ చేత్తో రాసుకుంటాడు, అందుకే లాయర్లు సాక్షికి "జడ్జిగారి పెన్ను చూసి మాట్లాడు" అని చెప్పేవాళ్లు. ఆ పెన్ను వాడుకోండి, ముఖ్యమైన జవాబు దగ్గర పెన్ను ఆగిందనుకోండి, వెయ్యి డైలాగులకి సమానం. మన ఇంటర్‌ప్రెటర్ మాట వెతుక్కుంటున్న ఐదు సెకన్లూ ఆ పెన్ను గాల్లోనే ఉంటుంది.

ప్లాట్ కోసం ఒక చిన్న రూల్, దీన్ని ఎవరూ వాడరు. ముద్దాయి తప్ప వేరే సాక్షిని పిలవకపోతే జ్యూరీతో చివరి మాట డిఫెన్స్‌ది, వేరే సాక్షిని పిలిస్తే చివరి మాట ప్రాసిక్యూషన్‌కి పోతుంది, 1964 దాకా ఇంతే. కాబట్టి మన బారిస్టర్ ముందు రెండు దారులు, గ్యాస్ మీటరు లెక్క చెప్పడానికి గ్యాస్ బోర్డు మనిషిని పిలవాలా, చివరి మాట దక్కించుకోవాలా? రెండూ తప్పే, రెండూ రైటే. నేనైతే దీని మీద ఒక చాప్టర్ మొత్తం ఖర్చు పెట్టా.

జ్యూరీ 12 మంది, అందరూ ఒక్క మాట మీద ఉండాలి, మెజారిటీ తీర్పు 1967లో గానీ రాలేదు. ఆస్తి అర్హత ఉండేది కాబట్టి ఎక్కువగా నడివయసు మగవాళ్లే, ఒకరిద్దరు ఆడవాళ్లు. వాళ్లకి కేసు ముందే తెలుసు, ఎందుకంటే కింది మెజిస్ట్రేట్ కోర్టులో చెప్పిన సాక్ష్యమంతా పేపర్లలో వచ్చేసేది. అలాగని పేపరోడు ఏదైనా రాసెయ్యొచ్చని కాదు, 1949లో హెయిగ్ విచారణకి ముందే అతన్ని హంతకుడన్నట్టు వేసినందుకు డైలీ మిర్రర్ ఎడిటర్‌కి మూడు నెలల జైలు, పేపర్‌కి 10,000 పౌండ్ల జరిమానా పడ్డాయి.

క్రాస్ ఎగ్జామినేషన్ పొడుగ్గా ఉండాలని రూల్ లేదు. రూత్ ఎల్లిస్‌ని ప్రాసిక్యూటర్ క్రిస్మస్ హంఫ్రీస్ ఒక్క ప్రశ్న అడిగాడు, కాల్చినప్పుడు ఏం చేద్దామనుకున్నావు అని. చంపుదామనే, అది తెలుస్తూనే ఉంది కదా అంది. కూర్చున్నాడు. జ్యూరీకి అరగంట కూడా పట్టలేదు.

స్టెప్ 6: సైన్స్‌ని దాని హద్దులో ఉంచండి

డీఎన్ఏ లేదు, సీసీటీవీ లేదు. రక్తం దొరికితే గ్రూపు చెప్పగలరు, మనిషిని చెప్పలేరు. వేలిముద్రలున్నాయి కానీ కంప్యూటర్ లేదు, 1948లో బ్లాక్‌బర్న్‌లో పసిపిల్ల హత్య కేసులో సీసా మీద ముద్ర కోసం ఊళ్లో మగవాళ్లందరివీ తీసుకుంటూ పోతే దొరికిన సెట్ నంబర్ 46,253. అన్నీ కళ్లతో, భూతద్దంతో పోల్చినవే. శవపరీక్ష చేసిన హోం ఆఫీస్ పాథాలజిస్ట్ బోనెక్కితే దేవుడు మాట్లాడినట్టే. కీత్ సింప్సన్, ఫ్రాన్సిస్ క్యాంప్స్ లాంటివాళ్లు అప్పటి స్టార్లు, హెయిగ్ యాసిడ్‌లో కరిగించిన శరీరంలోంచి సింప్సన్ పిత్తాశయం రాళ్లు వెతికి పట్టుకున్నాడు.

స్టెప్ 7: వాళ్ల చేత తెలుగు ఎలా మాట్లాడించాలి

పంచనామా, ఎఫ్ఐఆర్, ఛార్జిషీట్ లాంటి మాటలు రానివ్వకండి, అవి వచ్చాయంటే లీడ్స్ పోయి గుంటూరు వస్తుంది. ముద్దాయి, సాక్షి, వాంగ్మూలం, తీర్పు ఫర్వాలేదు. పేదవాడికి శ్రీకాకుళం యాస, తెలంగాణ యాస పెట్టే అలవాటుంది కొందరికి, దయచేసి వద్దు, అది ఇంగ్లాండ్ పేదవాడికీ న్యాయం చెయ్యదు, మనవాళ్లకీ చెయ్యదు. అక్కడి క్లాస్ తేడా మన దగ్గర నువ్వు, మీరులో వచ్చేస్తుంది. అరెస్టుకి ముందు సార్జెంట్ "మీరు ఒకసారి స్టేషన్‌కి రావాలండి" అంటాడు, సంతకం అయ్యాక "నువ్వు" అయిపోతాడు, జైల్లో ఇంటి పేరొక్కటే మిగులుతుంది. ఏ పేజీలో "మీరు" పోయి "నువ్వు" వచ్చిందో అదే మీ మలుపు.

స్టెప్ 8: చివరి మూడు వారాలు

శిక్ష చెప్పేటప్పుడు జడ్జి నెత్తిన పెట్టే బ్లాక్ క్యాప్ టోపీ కాదు, విగ్గు మీద పరిచే నల్లగుడ్డ ముక్క. చివర్లో నీ ఆత్మ మీద దేవుడు దయ చూపుగాక అంటే పక్కనున్న పాస్టర్ ఆమెన్ అంటాడు.

తర్వాత ఆ సెల్. లైటు ఆర్పరు, ఇద్దరు వార్డర్లు రాత్రీ పగలూ పక్కనే ఉండి పేకాట ఆడతారు, టీ పోస్తారు, స్నేహంగా ఉంటారు, అదే భయంకరం. చాలా జైళ్లలో గోడకి ఒక బీరువా ఉండేది, దాన్ని పక్కకి జరిపితే వెనక తలుపు, ఆ తలుపు వెనకే ఉరికంబం. ఖైదీ మూడు వారాలు ఆ బీరువా పక్కనే పడుకుంటాడు. తలారి ఆల్బర్ట్ పియర్‌పాయింట్ ముందురోజు వచ్చి కంతలోంచి మనిషిని చూసి, బరువు ఎత్తు లెక్కేసి తాడు పొడుగు నిర్ణయిస్తాడు. ఆయన ఓల్డ్‌హామ్ దగ్గర పబ్ నడిపేవాడు, 1950లో తన పబ్‌కి తరచూ వచ్చి తనతో పాటలు పాడిన కస్టమర్నే ఉరి తియ్యాల్సొచ్చింది. ఇది నవలలో రాస్తే ఎవరూ నమ్మరు, అందుకే నేను రాయలేదు.

క్షమాభిక్ష వస్తుందా రాదా అన్నది ముందే తేల్చుకుని రాయండి, మధ్యలో జాలేసి మార్చొద్దు. శిక్ష పడ్డవాళ్లలో చాలామందికి తప్పేది కూడా, కాబట్టి ఆశ నిజమైన ఆశే, చివరి రోజు దాకా తలుపు చప్పుడైతే చాలు తలెత్తి చూస్తాడు.

మన ఇంటర్‌ప్రెటర్ ఆ రోజు ఎక్కడుందో కూడా తేల్చుకోండి. లీడ్స్‌లో ఉరి తీసేది ఆర్మ్‌లీ జైల్లో, పొద్దున్న తొమ్మిదింటికి, కాసేపటికి గేటు మీద నోటీసు అంటిస్తారు, బయట జనం మూగుతారు. నేను ఆవిణ్ణి అక్కడికి పంపలేదు. ఇంట్లోనే ఉంచా, వంటింట్లో. కెటిల్ కింద గ్యాస్ అయిపోతుంది, పర్సులో షిల్లింగ్ ఉంటుంది, మీటర్లో వెయ్యదు.